ఫెల్ట్ టోపీలు, గడ్డి టోపీలు: అపోహలు – వాస్తవాలు

డాలస్ ప్రాంతంలో టోపీలను శుభ్రపరచడం, ఆకారం చెడిన వాటికి ఆవిరి పట్టి మళ్లీ చెక్క అచ్చులకు ఎక్కించడం, లోపలి తోలు పట్టీలు మార్చడం నా వృత్తి. ఇక్కడ స్థిరపడిన తెలుగువారిలో వెడల్పాటి అంచు టోపీలు ఇష్టంగా పెట్టుకునేవారు ఉన్నారు. సెలవులకు ఊరికి వెళ్తూ తండ్రికో మామగారికో ఒకటి కొని పట్టుకెళ్లేవారూ ఉన్నారు. బాగుచేయమని నా దగ్గరకు వచ్చే టోపీల్లో ఎక్కువ భాగం వాడకం వల్ల అరిగినవి కావు. అవి దేనితో తయారయ్యాయో తెలియక కొన్నందువల్ల, తెలియక దాచినందువల్ల చెడినవి. టోపీ మీది పేరు కంటే, అంకె కంటే, అది ఏ పదార్థంతో తయారైందన్నదే దానికి పెట్టదగిన ధరను, దాని మన్నికను, దానికి కావలసిన సంరక్షణను నిర్ణయిస్తుంది. నేను తరచుగా వినే అపోహల్లో చాలావాటికి మూలం ఈ సంగతిని పట్టించుకోకపోవడమే.

అపోహ: ఫెల్ట్ అంటే మందపాటి ఉన్ని గుడ్డ. ఫెల్ట్ టోపీలన్నీ ఒకటే.

వాస్తవం: ఫెల్ట్ నేసిన గుడ్డ కాదు. జంతువుల వెంట్రుకల మీద కంటికి కనిపించనంత సన్నని పొలుసులుంటాయి. తడి, వేడి, ఒత్తిడి కలిసినప్పుడు ఆ వెంట్రుకలు ఒకదానిలోకి ఒకటి పాకి, పొలుసులతో పెనవేసుకొని, మళ్లీ విడదీయడానికి వీలుకాని పొరగా బిగుసుకుంటాయి. గొర్రె ఉన్నితో చేస్తే అది ఉన్ని ఫెల్ట్. కుందేలు, అడవి కుందేలు, బీవరు (నీటి ఒడ్డున బతికే, ఎలుక జాతికి చెందిన పెద్ద జంతువు) వంటి జంతువుల పైబొచ్చు తీసేసి, చర్మాన్ని ఆనుకొని ఉండే మెత్తని లోనూగుతో చేస్తే అది ఫర్ ఫెల్ట్. ఫర్ ఫెల్ట్ టోపీ మొదట తలకు అనేక రెట్లు పెద్దదైన పలచని శంకువుగా మొదలవుతుంది. వేడినీళ్లలో మళ్లీ మళ్లీ చుట్టి నొక్కుతుంటే కుదించుకుపోతూ గట్టిపడుతుంది. ఆ కుదింపు కర్మాగారంలోనే చాలావరకు పూర్తవుతుంది కాబట్టి, తర్వాత వాన పడినా దానిలో ఇంకా కుదించుకుపోయేది కొద్దిగానే ఉంటుంది. ఉన్ని ఫెల్ట్ అంత దట్టంగా బిగుసుకోదు. తన ఆకారం కోసం ఎక్కువగా బిగువు పూత మీద ఆధారపడుతుంది. అందుకే ఒక్క గట్టి వానకు అది ముడుచుకుపోవడం, అంచు వేలాడిపోవడం జరుగుతుంది.

కొనేముందు టోపీని తిరగేసి, లోపలి తోలు పట్టీని బయటికి మడిచి, దాని వెనక ఉన్న ఫెల్ట్‌ను చూడండి. బయటి వైపు సన్నని గరుకు కాగితంతో రుద్ది నునుపు తేవడం వల్ల అక్కడ కన్ను మోసపోవచ్చు. పట్టీ వెనక అంత మెరుగు పెట్టరు. ఉన్ని ఫెల్ట్ అక్కడ ముతకగా, వెంట్రుకలు విడివిడిగా లేచి కనిపిస్తుంది. మంచి ఫర్ ఫెల్ట్ అక్కడ కూడా దట్టంగా, వేలికి చల్లగా, దాదాపు చర్మం తగిలినట్టుగా ఉంటుంది. తర్వాత అంచును వేళ్ల మధ్య పట్టుకొని మెల్లగా వంచి వదలండి. ఫర్ ఫెల్ట్ పలచగా ఉండి కూడా తనంతట తానే వెనక్కి వస్తుంది. చవక ఉన్ని ఫెల్ట్ అయితే అట్టముక్కలా మొండికేస్తుంది, లేదా వంచినచోట మెత్తబడి అలాగే ఉండిపోతుంది. ఉన్ని టోపీ చెడ్డదని నేను చెప్పడం లేదు. తక్కువ ధరకు, పొడి వాతావరణంలో అది చక్కగా పనికొస్తుంది. ఫర్ ఫెల్ట్ ధరకు ఉన్ని ఫెల్ట్ కొనవద్దనే నా మాట.

అపోహ: తోలు పట్టీ మీద ఎక్స్‌ల సంఖ్య ఎంత ఎక్కువగా ఉంటే టోపీ అంత మంచిది.

వాస్తవం: 4 ఎక్స్, 10 ఎక్స్, 100 ఎక్స్ అని బంగారు రంగులో కనిపించే ఆ ముద్రలకు ఏ చట్టమూ లేదు, తయారీదారులందరూ అంగీకరించిన ప్రమాణమూ లేదు. ప్రతి సంస్థా తన టోపీలను తనలో తాను వరుసపెట్టుకోవడానికి వాడే గుర్తులవి. కాబట్టి ఒకే సంస్థవి రెండు పక్కపక్కన పెట్టి పోల్చేటప్పుడు మాత్రమే అవి ఉపయోగపడతాయి. ఒకరి 10 ఎక్స్ మరొకరి 6 ఎక్స్ కంటే తక్కువ నాణ్యతతో ఉండవచ్చు. పేరు కూడా అంతే. 1865లో ఫిలడెల్ఫియాలో మొదలై, ఇప్పుడు మా పక్కనే గార్లండ్‌లో తయారవుతున్న స్టెట్సన్ పేరు మీద ఖరీదైన బీవరు ఫెల్ట్ టోపీలూ దొరుకుతాయి, మామూలు ఉన్ని టోపీలూ దొరుకుతాయి. అమ్మేవారిని ఎక్స్‌లెన్ని అని కాదు, ఏ జంతువు నూగు, అందులో బీవరు పాలెంత అని అడగండి. సూటిగా జవాబు చెప్పలేని చోట పెద్ద మొత్తం ఖర్చు చేయకపోవడమే క్షేమం.

అపోహ: ఫెల్ట్ టోపీల్లో పాదరసం ఉంటుంది, తలకు పెట్టుకోకూడదు.

వాస్తవం: దీని వెనక నిజమైన విషాదం ఉంది. నూగు త్వరగా పెనవేసుకోవడానికి పూర్వం దాన్ని పాదరసపు సమ్మేళనమైన మెర్క్యురిక్ నైట్రేట్‌తో తడిపేవారు. ఆ ఆవిరి పీల్చిన కార్మికులకు చేతులు వణికేవి, మాట తడబడేది, మనసు చెదిరేది. కనెటికట్ రాష్ట్రంలో టోపీల పరిశ్రమకు పేరుపడిన డాన్‌బరీ పట్టణం పేరు మీదనే ఆ వణుకును పిలిచేవారు. అమెరికాలో ఈ వాడకం 1941లో ఆగింది. నేటి టోపీల విషయంలో ఆ భయం అక్కర్లేదు. కానీ తాతల కాలం నాటి టోపీ చేతికొస్తే జాగ్రత్త అవసరమే, ఎందుకంటే మ్యూజియంలలోని పాత ఫెల్ట్ టోపీల్లో పాదరసం ఇంకా మిగిలి ఉన్నట్టు పరీక్షల్లో తేలింది. అలాంటిదాన్ని వంటింట్లో ఆవిరి పట్టవద్దు, దులపవద్దు, పిల్లల చేతికి ఇవ్వవద్దు.

అపోహ: పనామా టోపీ పనామాలో తయారవుతుంది, తెల్లని గడ్డి టోపీ ఏదైనా పనామా టోపీయే.

వాస్తవం: అసలైన పనామా టోపీ ఈక్వడోర్‌ది. అక్కడి తీర ప్రాంతపు తేమలో పెరిగే టొకియా మొక్క లేత ఆకులను చీల్చి, ఉడకబెట్టి, ఆరబెట్టి, గంధకం పొగ పెట్టి తెల్లబరిచి, ఆ నారను చేత్తో నేస్తారు. మనబీ రాష్ట్రంలోని మాంటెక్రిస్టి పట్టణం అతి సన్నని నేతకు, క్వెంకా నగరం పెద్ద ఎత్తున ఎగుమతికి ప్రసిద్ధి. ఆ సరుకు పనామా రేవుల మీదుగా ప్రపంచానికి చేరడం వల్ల ఆ పేరు స్థిరపడింది. 1906లో పనామా కాలువ పనులు చూడడానికి వెళ్లిన అమెరికా అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ ఆ టోపీతో ఉన్న ఫోటో ఆ పేరును మరింత పాకించింది. ఈ నేత విద్యను యునెస్కో 2012లో మానవాళి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. నేత సన్నదనాన్ని బట్టి ఒక్కో టోపీకి ఒక రోజు నుంచి ఎనిమిది నెలల దాకా పడుతుందంటే, ఆన్‌లైన్‌లో కొన్ని వందల రూపాయలకు దొరికే ‘పనామా’ ఏమిటో ఊహించవచ్చు. అక్కడ పనామా అన్నది ఆకారం పేరే తప్ప పదార్థం పేరు కాదు.

గుర్తుపట్టడానికి టోపీని కిటికీ వెలుతురుకు ఎత్తి, లోపలి నుంచి నడినెత్తిని చూడండి. చేనేత టోపీ అక్కడ కొద్దిపాటి నారలతో చిన్న పువ్వుగా మొదలై, వలయం పెద్దదవుతున్నకొద్దీ నేతగాడు కొత్త నారలు చేరుస్తూ పోయిన చోట్లు ఒకదాని చుట్టూ ఒకటి గుండ్రని గీతలుగా కనిపిస్తాయి. నారలు చదునుగా ఉంటాయి. ఒకటి కాస్త పాలిపోయి, మరొకటి కాస్త పసుపుగా, ఒకటి వెంట్రుకవాసి వెడల్పుగా ఉంటుంది. ఆ అసమానత మొక్క నుంచి వచ్చింది. కాగితం టోపీలో అన్ని పోగులూ ఒకే రంగులో, ఒకే లావులో, గుండ్రంగా ఉంటాయి. భూతద్దంలో చూస్తే కాగితాన్ని మెలిపెట్టిన గీత కూడా కనిపిస్తుంది. అంచు చివరన నారలను వెనక్కి మడిచి మళ్లీ నేతలోకే దూర్చి ముగించి ఉంటే మంచి సూచన. అయితే అంచును కత్తిరించి కుట్టిన అసలు పనామాలూ ఉన్నాయి కాబట్టి అది లేనంత మాత్రాన నకిలీ అనకూడదు.

షాంటుంగ్, టోయో అన్న పేర్లతో అమ్మే గడ్డి టోపీల్లో నేడు గడ్డి ఉండదు. అవి మెలిపెట్టిన కాగితం పోగుతో నేసి, గట్టిదనానికి పూత వేసినవి. టెక్సాస్‌లో ఎండాకాలపు కౌబాయ్ టోపీల్లో చాలా భాగం ఇవే. దట్టమైన పూత ఉన్నంతకాలం ఇవి బలంగానే ఉంటాయి. చెప్పి అమ్మితే నాకు అభ్యంతరం లేదు. చెప్పకుండా టొకియా ధర తీసుకోవడమే అన్యాయం.

అపోహ: అసలైన పనామా టోపీని చుట్టి పెట్టెలో పెట్టవచ్చు.

వాస్తవం: చాలా సన్నని నేత ఉన్నదాన్ని, నారలో తేమ ఉన్నప్పుడు, వదులుగా, కొద్దిసేపు చుట్టవచ్చు. చుట్టి దాచేవన్నీ ముందో వెనకో ఆ మడత దగ్గరే చిట్లుతాయి. ముందు భాగాన్ని రెండు వేళ్లతో నొక్కి టోపీ ఎత్తడం కూడా ఇదే చేటు చేస్తుంది: గడ్డి టోపీలు ముందుగా పగిలేది ఆ నొక్కుల దగ్గరే. రెండు చేతులతో అంచును ముందూ వెనకా పట్టుకొని ఎత్తి దించండి. రాయలసీమ వేసవిలో, ఏసీ గదుల్లో నార బాగా ఎండి పెళుసెక్కుతుంది. అప్పుడు టోపీని స్నానాల గదిలో వేడినీళ్ల ఆవిరి ఉన్నప్పుడు కాసేపు ఉంచి తీస్తే మళ్లీ మెత్తబడుతుంది. కాగితం టోపీకి ఈ ఉపచారం చేయవద్దు.

అపోహ: ఫెల్ట్ టోపీ వానలో తడిస్తే ఇక అంతే.

వాస్తవం: చేటు తడి వల్ల కాదు, ఆరబెట్టే తీరు వల్ల. తడిసిన టోపీని దులిపి, తోలు పట్టీని బయటికి మడిచి, ఆ పట్టీ మీదనే నిలబెట్టి, ఫ్యాను గాలి నేరుగా తగలని నీడలో ఆరనివ్వండి. హెయిర్ డ్రయ్యరు, ఇస్త్రీ పెట్టె, ఎండ దగ్గరికి రానివ్వకండి. అన్నిటికంటే ప్రమాదకరమైన చోటు ఆపిన కారు. రోళ్లు పగిలే రోహిణీ కార్తెలో అద్దాలు మూసిన కారులో టోపీ వదిలితే, ముందుగా తోలు పట్టీ ఎండి కుదించుకుపోతుంది. అది తనకు కుట్టిన ఫెల్ట్‌ను కూడా లోపలికి లాగుతుంది. నిన్న సరిపోయిన టోపీ ఇవాళ నుదుటి మీద గీత పడేలా బిగుసుకుందని తెచ్చేవారి కథ సాధారణంగా ఇదే.

అపోహ: టోపీని అంచు మీద పెట్టాలి, అప్పుడే దుమ్ము లోపలికి పోదు.

వాస్తవం: అంచు మీద పెడితే మొత్తం బరువు దాని మీద పడి, వంపు చదునైపోతుంది. బల్ల మీద తిరగేసి, నెత్తి కిందికి వచ్చేలా పెట్టండి. దీర్ఘకాలం దాచేటప్పుడు అంచు దేనికీ ఆనని పెట్టె కావాలి.

మరకల విషయంలో ఇంటి వైద్యం చాలా నష్టం చేస్తోంది. లేత రంగు ఫెల్ట్ మీద నూనె మరక పడితే తడిగుడ్డతో రుద్దకండి; నూనె లోపలికి దిగుతుంది. పొడి ముల్తానీ మట్టి గాని మొక్కజొన్న పిండి గాని చల్లి, రాత్రంతా ఉంచి, మెత్తని బ్రష్షుతో దులపండి. ఇది పొడిగానే ఉండాలి, ముఖానికి పట్టించినట్టు కలిపి రాయకూడదు. ముదురు రంగు మీద పొడి మిగిలిపోతుంది కాబట్టి ముందు పట్టీ వెనక ప్రయత్నించి చూడండి. రోజువారీ దుమ్ముకు గుర్రపు వెంట్రుకల బ్రష్షు చాలు: పై నుంచి చూస్తే గడియారం ముల్లుకు ఎదురు దిశలో దువ్వాలి. ముదురు టోపీకి ఒకటి, లేత టోపీకి ఒకటి వేరుగా ఉంచుకోండి.

అపోహ: పురుగులు గడ్డి టోపీని తింటాయి, ఫెల్ట్‌కు భయం లేదు.

వాస్తవం: సరిగ్గా తలకిందులు. బట్టల చిమ్మెట పిల్లపురుగులకు ఆహారం జంతు వెంట్రుకలోని కెరాటిన్ అనే ప్రోటీను. ఫెల్ట్ వాటికి విందు, గడ్డి నార కాదు. అవి ముఖ్యంగా చెమట, నూనె అంటిన చోట మొదలుపెడతాయి. కాబట్టి దాచేముందు దువ్వి శుభ్రం చేయడమే మొదటి రక్ష. కలరా ఉండలు వాడితే విడిగా గుడ్డలో కట్టి పెట్టండి, ఫెల్ట్‌కు తగలనివ్వకండి. విశాఖ, కాకినాడ వంటి తీర ప్రాంతాల్లో పురుగు కంటే బూజు పెద్ద శత్రువు. ప్లాస్టిక్ సంచిలో బిగించి కట్టిన టోపీకి వానాకాలం ముగిసేసరికి తోలు పట్టీ మీద తెల్లగా పూస్తుంది. గాలి ఆడే అట్టపెట్టె, అందులో ఒక సిలికా జెల్ పొట్లం మేలు.

టోపీ వల్ల బట్టతల వస్తుందన్న మాట నిజం కాదు. సాధారణ బట్టతల వంశపారంపర్యం, హార్మోన్ల వల్ల వస్తుంది. బిగుతు టోపీ మాత్రం తలనొప్పి తెస్తుంది కాబట్టి కొలత ముఖ్యం: చెవులకు కొంచెం పైన, నుదుటి మధ్యగా టేపు చుట్టి సెంటీమీటర్లలో కొలవండి. 57 వస్తే అమెరికా కొలతలో 7⅛, 58 వస్తే 7¼, 59 వస్తే 7⅜. రెండింటి మధ్య ఉంటే పెద్దది తీసుకొని పట్టీ వెనక సన్నని ఫోమ్ పట్టీ పెట్టుకోండి. చిన్నదాన్ని సాగదీస్తే పట్టీ కుట్లు తెగవచ్చు.

అపోహ: ఎండకు ఏ గడ్డి టోపీ అయినా సరే.

వాస్తవం: గాలి కోసం రంధ్రాలు వదిలి నేసిన టోపీలో అతినీలలోహిత కిరణాలూ ఆ రంధ్రాల గుండానే దిగుతాయి. పొలంలో, గోల్ఫ్ మైదానంలో గంటలకొద్దీ ఉండేవారికి దట్టమైన నేత, కనీసం 7.5 సెంటీమీటర్ల అంచు కావాలి. ఆస్ట్రేలియా క్యాన్సర్ కౌన్సిల్ పెద్దలకు చెప్పే కొలత ఇదే. ఎండకు ఫెల్ట్ పనికిరాదనడమూ సరికాదు. ఆస్ట్రేలియా పశువుల కాపరులు కుందేలు నూగు ఫెల్ట్‌నే ఎండలో పెట్టుకుంటారు. మన సైన్యంలోని గూర్ఖా రెజిమెంట్ల వారి టోపీ కూడా ఫెల్టే.

ఇక చివరిది, పాతబడిన టోపీ పారేయవలసిందేనన్న నమ్మకం. ఫర్ ఫెల్ట్ అయితే ఆకారం చెడినా, పట్టీ చీలినా, రంగు మాసినా బాగుపడుతుంది. ఆవిరి పట్టి కొత్త అచ్చుకు ఎక్కించవచ్చు, చెడిన అంచును కత్తిరించి సన్నని అంచుగా మార్చవచ్చు, ఉపరితలాన్ని సన్నగా రుద్ది తేటపరచవచ్చు. పురుగు తిన్న చిన్న గుంట కూడా చాలావరకు కనుమరుగవుతుంది. ఆరపార రంధ్రం పడితే మాత్రం కప్పగలమే గాని పూడ్చలేం. కుదించుకుపోయిన ఉన్ని టోపీని తిరిగి పెద్దది చేయడం అరుదుగా నిలుస్తుంది. గడ్డి టోపీ చిట్లితే లోపల సన్నని గుడ్డ అంటించి ఆ చీలిక పెరగకుండా ఆపవచ్చు, అంతే. తెగిన నారను మళ్లీ నేయడం దాదాపు అసాధ్యం. తడిసి పోగు విడిపోయిన కాగితం టోపీకి మాత్రం నా దగ్గర మందు లేదు, దాన్ని బాగుచేస్తామని డబ్బు అడిగేవారికి ఇవ్వకండి.