మట్టిలో నీరు పల్లమెరగదు

"పది రోజులు ఊరెళ్లి వచ్చేసరికి పెరట్లో టమాటా మొక్కలు ఎండిపోతున్నాయి, పక్కింటివాళ్లని బతిమాలకుండా ఏదైనా దారి ఉందా?" అని ఒకావిడ అడిగారు. ఉందండీ. మామూలు మట్టికుండని మొక్క పక్కనే మెడదాకా పూడ్చి, నీళ్లు నింపి, మూత పెట్టడం. చైనాలో 2 వేల ఏళ్ల కిందటి వ్యవసాయ గ్రంథంలోనే ఇది ఉంది.

ఈ కుండకి టైమర్ లేదు, వాల్వు లేదు, అయినా మట్టి ఎండినప్పుడు ఎక్కువ, తడిసినప్పుడు తక్కువ వదులుతుంది. ఎలాగంటారా? "నీరు పల్లమెరుగు" అని బళ్లో కూడా చెప్పి వదిలేశారు, కాలవకీ చెరువుకీ అది సరిపోతుంది, కానీ మట్టి రేణువుల సందుల్లో దూరాక నీటికి పల్లం కంటే పొడి ముఖ్యం. పొడి ఎటుంటే అటు, పక్కకైనా పైకైనా పోతుంది, ప్రమిదలో ఒత్తి నూనెని పైకి లాక్కున్నట్టు. సందు సన్నబడేకొద్దీ లాగుడు పెరుగుతుంది: 10 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) వ్యాసార్థం ఉన్న రంధ్రంలో తలతన్యత, అంటే నీటి ఉపరితలాన్ని బిగదీసి ఉంచే బలం, దాదాపు మీటరున్నర ఎత్తు నీటిని నిలబెడుతుంది, 1 మైక్రాన్ అయితే 15 మీటర్లు! మట్టి ఎండుతుంటే ముందు పెద్ద సందులు ఖాళీ అవుతాయి, మిగిలిన నీరంతా సన్న సందుల్లో నక్కి ఉంటుంది కాబట్టి మట్టి ఇంకా గట్టిగా లాగుతుంది. ఆ లాగుడు 15 వాతావరణ పీడనాలకి, అంటే దాదాపు 150 మీటర్ల ఎత్తు నీటిని నిలబెట్టేంతకి చేరితే, మట్టిలో కాస్త తడి ఉన్నా చాలా మొక్కలు దాన్ని అందుకోలేక వాడిపోతాయి. అంతదాకా రాకుండా కుండ అడ్డుపడుతుంది. వేరు తాగింది, పక్క మట్టి ఎండింది, అది కుండ గోడలోని సన్న రంధ్రాల్లోంచి నీరు లాగింది. వాన పడితే లాగుడు తగ్గిపోతుంది, లోపలి నీటి బరువుకి ఊరే కాస్త ఊట తప్ప ఏమీ రాదు. పైన నేల పొడిగానే ఉంటుంది కాబట్టి ఎండకి ఆవిరయ్యేదీ తక్కువే.

నేను మొదటిసారి ముచ్చటపడి రంగులేసిన కుండ తెచ్చాను. వారం తర్వాత మూత తీస్తే నీళ్లు నింపినట్టే ఉన్నాయి, వంగ మొక్క మాత్రం తల వాల్చేసింది. పెయింటు రంధ్రాలన్నీ మూసేసింది మరి. పైగా నేను కుండ పూడుస్తుంటే చూసిన ఎదురింటి పెద్దావిడ చేతబడి అనుకుని రెండు రోజులు మాటలు మానేశారు!

నల్లరేగడి అయితే ఇంకో చిక్కు: ఎండితే బీటలిచ్చి కుండని వదిలేస్తుంది, గోడకి మట్టి తగలకపోతే లాగేదెవరు? చుట్టూ కాస్త ఇసుక కలిపిన మట్టి వేసి గట్టిగా అదమండి. బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువైతే గోడకి తెల్లటి పొర కడుతుంది, అప్పుడప్పుడూ కుండ తీసి రుద్ది కడగాలి. 10 రోజులు వస్తాయా అంటే కుండని బట్టి, ఎండని బట్టి. ప్రయాణానికి ముందే ఒకసారి నింపి, ఎన్నాళ్లకి అడుగు కనిపిస్తుందో చూసుకోండి.