డార్ట్ కప్పల టెర్రేరియం: అపోహలు – వాస్తవాలు

మేం టెక్సస్‌లో, డల్లాస్ పక్కన ఉంటాం. డార్ట్ కప్పలను పెంచి వాటి పిల్లల్ని అమ్మడం, టెర్రేరియంలు, అంటే మొక్కలతో గాజు తొట్లు కట్టివ్వడం నా పని. బొటనవేలంత ఉండే ఈ రంగురంగుల కప్పలు మధ్య, దక్షిణ అమెరికా అడవులవి. మా దగ్గరికి వచ్చేవాళ్లు ఎక్కువగా అడిగేది నీలం రంగు కప్పను. అది సురినామ్ దేశంలోని సిపాలివిని ప్రాంతానిది, డెండ్రోబేటిస్ టింక్టోరియస్ జాతి. ఈమధ్య మన తెలుగువాళ్లు కూడా బాగానే వస్తున్నారు. వచ్చిన ప్రతివాళ్లూ దాదాపు ఇవే మాటలు అంటారు.

అపోహ: ముట్టుకుంటే చచ్చిపోతాం.

ఈ కప్పలు విషాన్ని సొంతంగా తయారుచేసుకోవు. అడవిలో తినే చీమలు, మైట్లనే సూక్ష్మమైన పురుగుల నుంచి అది వాటి చర్మంలోకి చేరుతుంది. ఇంట్లో పుట్టి, పండు ఈగలు తిని పెరిగిన కప్పలో ఆ విషం ఉండదు. కొలంబియాలో ఎంబెరా ప్రజలు బాణాల మొనలకు విషం రాసేది ఫిల్లోబేటిస్ అనే వర్గంలోని మూడు జాతుల నుంచే. మిగతా కప్పలన్నిటికీ ‘డార్ట్’ (చిన్న బాణం) అనే పేరు ఊరికే అంటుకుంది. అయినా సరే, చేత్తో పట్టుకోవద్దనే చెబుతాను. అది మన కోసం కాదు, కప్ప కోసం. దాని చర్మం నీటిని నేరుగా పీల్చుకుంటుంది. మన చేతికున్న లోషన్, శానిటైజర్ కూడా దాంతోపాటే లోపలికి పోతాయి. క్లోరిన్ ఉన్న కుళాయి నీళ్లతోనూ ఇదే ఇబ్బంది. ఆర్‌ఓ నీళ్లు వాడితే అద్దం మీద తెల్ల మరకలు కూడా పడవు.

అపోహ: వర్షారణ్యపు కప్ప కాబట్టి తొట్టి ఎప్పుడూ తడిగా ఉండాలి.

నా దగ్గరికి రిపేరుకు వచ్చే తొట్లలో ఎక్కువ భాగం దీనివల్ల పాడైనవే. గాలిలో తేమ 80 శాతం చుట్టూ ఉండాలన్నది నిజమే. కానీ కప్ప కాళ్ల కింద నీళ్లు నిలవకూడదు. అడవిలో ఎంత వాన కురిసినా నీరు కిందికి ఇంకిపోతుంది. గాజు తొట్టికి అడుగు మూసుకుపోయి ఉంటుంది కదా, నీరు ఎక్కడికి పోతుంది? అందుకే అడుగున రెండంగుళాల మందంలో కాల్చిన మట్టి గుళికలు పోస్తాం. వాటి మీద సన్నటి మెష్, ఆ పైన మట్టి. మట్టి అన్నానే గానీ అందులో తోటమన్ను అసలు ఉండదు. అట్లాంటా బొటానికల్ గార్డెన్ పేరుమీద ఏబీజీ మిక్స్ అని ఒకటుంది: ట్రీఫెర్న్ పీచు, ఆర్కిడ్ బెరడు ముక్కలు, బొగ్గు, పీట్, స్ఫాగ్నమ్ నాచు. ఇది ఏళ్ల తరబడి అణగకుండా గుల్లగానే ఉంటుంది. ఉత్త కొబ్బరి పొట్టు చవకే గానీ కొన్నాళ్లకే ముద్దైపోతుంది. పిడికెడు మిశ్రమం తీసి పిండి చూడండి. వేళ్లకు తడి తగలాలి, నీళ్లు కారకూడదు. వాసన కూడా చూడండి. తొలకరి మట్టి వాసన వస్తే మంచిదే, కుళ్లిన గుడ్డు వాసన వస్తే కింద గాలి ఆడటం లేదన్నమాట. అడుగున చేరిన నీరు మెష్‌ను తాకకముందే తీసేయాలి. అందుకని తొట్టి కట్టేటప్పుడే మూలన ఒక గొట్టం నిలబెట్టి ఉంచుతాను. సన్నటి పైపుతో ఐదు నిమిషాల్లో తోడేయొచ్చు.

రెండోది గాలి. పైమూత మొత్తాన్ని గాజుతో బిగించేసి, తేమ కొలిచే హైగ్రోమీటర్‌లో 99 కనబడగానే సంబరపడేవాళ్లున్నారు. పొద్దున తుంపర కొట్టాక అద్దం మసకబారాలి, మధ్యాహ్నానికి చాలావరకు తేటపడాలి. ఆకుల పైభాగం రెండు మూడు గంటల్లో ఆరిపోవాలి. ఆరకపోతే మొక్కలు కుళ్లుతాయి, కప్ప పొట్ట కింద, పాదాల దగ్గర పుండ్లు పడతాయి. ముందువైపు కింద ఒక గాలి సందు, పైన సన్నటి మెష్ పట్టీ ఉంటే చాలు. పొగమంచు వదిలే ఫాగర్ ఫొటోలకే పనికొస్తుంది, డబ్బు దండగ.

అపోహ: కప్ప అన్నాక చెరువో జలపాతమో ఉండాలి.

టింక్టోరియస్ (ఆ నీలం కప్ప జాతి) నేల మీద తిరిగే కప్ప, ఈత సరిగా రాదు. మగ కప్ప తోకకప్పలను వీపు మీద ఎక్కించుకుని చెట్టు తొర్రల్లో నిలిచిన నీటిదాకా మోసుకెళ్తుంది. తొట్టిలో బ్రొమీలియాడ్ (అనాస కుటుంబపు మొక్క) ఆకుల మధ్య నిలిచే నీరు, ఒక చిన్న పల్లెం సరిపోతాయి. జలపాతం పెడితే మట్టంతా తడిసిపోతుంది, పంపు చప్పుడు మీకు అదనం.

అపోహ: శనివారం తొట్టి కడితే ఆదివారం కప్పను వదలొచ్చు.

మొక్కలు వేళ్లూనాలి. స్ప్రింగ్‌టెయిల్స్, తెల్ల ఐసోపాడ్లు అనే చిన్న మట్టి పురుగులు పిల్లలు పెట్టి మట్టంతా పాకాలి. మలం, బూజు, రాలిన ఆకులను శుభ్రం చేసేది అవే. దీనికి కనీసం నాలుగైదు వారాలు పడుతుంది. నర్సరీ మొక్కలకు పురుగుమందు కొట్టి ఉంటారు కాబట్టి వేళ్లకున్న మట్టినంతా కడిగేసి, కొన్నాళ్లు బయటే పెంచి, ఆ తర్వాతే లోపల పెట్టాలి. పైన ఎండుటాకులు దట్టంగా పరవాలి. మాగ్నోలియా, ఓక్, బాదం ఆకులు బాగుంటాయి. మన వైపు విస్తళ్లు కుట్టుకునే నాటు బాదం ఆకులను ఇక్కడ ప్యాకెట్లలో అమ్ముతారు, ధర వింటే నవ్వొస్తుంది.

ఈలోగా కప్ప వేరే డబ్బాలో, తడి పేపర్ టవల్ మీద క్వారంటైన్‌లో ఉండాలి. మలం పరీక్ష, కప్పల చర్మానికి సోకే కైట్రిడ్ ఫంగస్ పరీక్ష అప్పుడే చేయించాలి. ఈ ఫంగస్‌ను శాస్త్రవేత్తలు 1999లో పేరు పెట్టి వర్ణించింది వాషింగ్టన్ జూలోని నీలం డార్ట్ కప్ప నుంచి తీసిన నమూనాతోనే. 500కు పైగా ఉభయచర జాతులు తగ్గిపోవడానికి, వాటిలో 90 అంతరించడానికి ఇదే కారణమని 2019లో అంచనా వేశారు. అందుకే పాత తొట్టి నీళ్లను, మట్టిని పెరట్లో పారబోయొద్దని అందరికీ పదేపదే చెబుతుంటాను.

అపోహ: ఉష్ణమండల జీవికి వేడి ఎంతున్నా పర్లేదు.

ఆ అడవుల్లో నేలమీద నీడే ఎక్కువ. వీటికి 22 నుంచి 26 డిగ్రీల సెల్సియస్ హాయి. 30 దాటితే ప్రాణానికే ముప్పు. మనవాళ్లతో నాకు టెన్షన్ ఇక్కడే. వేసవి సెలవులకు ఇండియా వెళ్తూ కరెంటు ఆదా అని ఏసీని 85 ఫారన్‌హీట్‌లో (29 సెల్సియస్ పైనే) పెట్టి వెళ్తారు. లైట్ల వేడికి తొట్టిలో అంతకన్నా ఇంకో నాలుగు డిగ్రీలు ఎక్కువే ఉంటుంది. తిండి పెట్టడానికి పక్కింటివాళ్లను మాట్లాడుకుంటారు గానీ ఏసీ సంగతి మర్చిపోతారు. థర్మోస్టాట్‌ను 75 ఫారన్‌హీట్ (సుమారు 24 సెల్సియస్) దగ్గరే ఉంచండి. కుదరకపోతే కప్పల్ని ఎవరి దగ్గరన్నా వదిలి వెళ్లండి.

అపోహ: నీలం, పసుపు, ఎరుపు అన్నీ కలిపితే అందం.

కప్పల తక్కెడే అవుతుంది. దగ్గరి జాతులైతే సంకరం పుడుతుంది, దూరపువైతే బలమైనది బలహీనమైనదాన్ని తిననివ్వదు. టింక్టోరియస్‌లో ఆడవి రెండున్నా కుస్తీ పడతాయి. 45 సెంటీమీటర్ల తొట్టికి ఒక జంట చాలు.

అపోహ: పండు ఈగలు వేస్తే సరిపోతుంది.

ఉత్త ఈగల్లో కాల్షియం చాలదు. కప్పులో ఈగలు, చిటికెడు విటమిన్ డీ3 కలిపిన కాల్షియం పొడి వేసి ఊపితే విభూతి పూసుకున్నట్టు తెల్లబడతాయి. అప్పుడు వదలాలి. అప్పుడప్పుడు విటమిన్ ఏ పొడి కూడా వేయాలి. అది తక్కువైతే నాలుక ఈగకు అంటదు, కప్ప గురి చూసి నాలుక విసురుతూనే ఉంటుంది, నోట్లోకి ఏమీ రాదు. తిండి పెట్టినప్పుడు దాని వెనకకాలి వేళ్లు చూడండి. ఈగ కనబడగానే టకటకా కొట్టుకుంటాయి. ఆ కదలిక లేదంటే ఆకలి లేదు, లేదా ఒంట్లో బాగాలేదు.

అపోహ: హైదరాబాద్‌లో ఎవరో అమ్ముతున్నారు, కొనుక్కోవచ్చు.

డార్ట్ కప్పలు వన్యప్రాణుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందం రెండో అనుబంధంలో ఉన్నాయి. 2022లో సవరించిన వన్యప్రాణి చట్టం, 2024 నిబంధనల ప్రకారం ఇలాంటి విదేశీ జీవులను ఇండియాలో పెంచేవాళ్లు కేంద్ర పర్యావరణ శాఖవారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయాలి. కాగితాలు చూపించలేని వాళ్ల దగ్గర కొనొద్దు. అలాగని బాత్రూమ్ గోడకు అంటుకుని కూర్చునే మన చెట్టు కప్పను పట్టి ఇందులో పడేయొద్దు. అది పెద్దది, రాత్రిపూట ఎత్తుల్లో తిరుగుతుంది, దానికి ఈ తొట్టి చాలదు. సరదా ఉంటే ఇవే పొరలతో, ఫెర్న్‌లు, నాచు, చిన్నాకుల మనీ ప్లాంట్ పెట్టి, కప్ప లేకుండానే ఒక తొట్టి కట్టండి. నేరుగా ఎండ తగలని చోట పెట్టి, వారానికోసారి నీళ్లు చల్లితే చాలు.