"అది ప్రోటీనే సార్!": డోపింగ్ గురించి కాలేజీ గ్రౌండ్‌లో వినే అపోహలు, అసలు వాస్తవాలు

ఇంటర్ యూనివర్సిటీ పోటీలకు బయల్దేరే ముందు పిల్లల కిట్ బ్యాగులన్నీ టేబుల్ మీద కుమ్మరించమంటాను. స్పైక్స్, క్రేప్ బ్యాండేజీ, నొప్పి స్ప్రే అయ్యాక అసలు సరుకు బయటికొస్తుంది. లేబుల్ సగం ఊడిన పౌడర్ డబ్బా, జిమ్‌లో అన్న ఎవరో ఇచ్చిన క్యాప్సూల్స్, మెడికల్ షాపులో కత్తిరించి ఇచ్చిన రెండు మాత్రలు. మందు పేరున్న ముక్క షాపులోనే ఉండిపోయింది. "ఇదేంట్రా?" అంటే "జలుబు మాత్ర సార్" అంటాడు. ఏ మాత్రో వాడికీ తెలీదు, నాకూ తెలీదు. డిగ్రీ కాలేజీ పీడీగా (ఫిజికల్ డైరెక్టర్‌గా) నేను ఏటా వినే మాటలే కింద రాస్తున్నాను.

అపోహ: బిల్లు ఇచ్చి అమ్మేది నిషేధం ఎలా అవుతుంది?

డబ్బా మీద ఉండే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు ఆహార పదార్థంగా అమ్ముకోవడానికి. వాడా (ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ) నిషేధ జాబితాకీ దానికీ సంబంధం లేదు. పైగా లేబుల్ మీద ఉన్నదే డబ్బాలో ఉంటుందన్న హామీ కూడా లేదు. తయారీలో పొరపాటున కలిసేది కొంత, త్వరగా ఫలితం కనిపించాలని కావాలనే కలిపేది కొంత. పేర్ల మాయ ఇంకొకటి. మిథైల్‌హెక్సేనమిన్ అనే ఉత్ప్రేరకాన్ని జెరేనియం నూనె పేరుతో లేబుళ్ల మీద వేసి అమ్మారు. 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడలకు ముందు మన క్రీడాకారులు కొందరు దానికే దొరికారు.

మా వాళ్లకు నేను చెప్పేది ఒకటే. గుడ్డుకు దాదాపు 6 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది. గుడ్లూ పప్పూ పల్లీలూ తింటే నెలల తరబడి రాని కండ, ఒక డబ్బాతో పదిహేను రోజుల్లో వచ్చిందంటే సంతోషపడాల్సింది కాదు, అనుమానించాల్సింది. అయినా కొంటామంటే బ్యాచ్‌వారీగా పరీక్షించి ధ్రువీకరించినదే కొనండి. బిల్లు, డబ్బా దాచుకోండి. అప్పుడు కూడా ముప్పు తగ్గుతుందే తప్ప పూర్తిగా పోదు.

అపోహ: మూలికలే కదా, ఏమవుతుంది?

2010లో కామన్వెల్త్, ఆసియా క్రీడలు రెండింటిలోనూ 4x400 రిలే స్వర్ణం గెలిచిన మన అమ్మాయిల్లో ముగ్గురు మరుసటి ఏడాది స్టెరాయిడ్లకు దొరికారు. విదేశీ కోచ్ ఇచ్చిన జిన్సెంగ్ అనే మూలిక వల్లే అన్నారు. ముందు ఏడాది నిషేధం పడింది, ఆ తర్వాత అంతర్జాతీయ క్రీడా న్యాయస్థానం దాన్ని రెండేళ్లు చేసింది. లండన్ ఒలింపిక్స్ పోయాయి. కోచ్ ఇచ్చినా, అమ్మ కలిపిచ్చినా, ఒంట్లో దొరికినదానికి జవాబు చెప్పాల్సింది ఆటగాడే. శిక్ష తగ్గించమని వాదించుకోవచ్చు, అంతే. ఈ రూల్ నాకూ కఠినంగానే అనిపిస్తుంది. కానీ ఆట ఆడాలంటే దీన్ని ఒప్పుకోక తప్పదు.

అపోహ: దగ్గు మందు, నొప్పి సూది డోపింగ్ ఏంటి సార్?

క్రికెటర్ పృథ్వీ షాకు 2019లో ఎనిమిది నెలల నిషేధం పడింది దగ్గు సిరప్‌లోని టెర్బుటలిన్ అనే నిషేధిత మందు వల్లే. అయితే మన ఊళ్లలో నాకు అంతకంటే భయం సూదితో. మోకాలు పట్టేసిందని ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్తే డెక్సా (డెక్సామెథసోన్) సూది పొడిచి పంపిస్తాడు, సాయంత్రానికి పిల్లాడు గంతులేస్తాడు. అది స్టెరాయిడ్. కండ పెంచే రకం కాకపోయినా, ఈ రకం సూదులన్నీ 2022 నుంచి పోటీ సమయంలో నిషేధం. పోటీ సమయం అంటే మ్యాచ్ ముందు రోజు రాత్రి 11:59 నుంచే లెక్క. ఎప్పుడో వేయించుకున్నదైనా అప్పటికి ఒంట్లో మిగిలుంటే దొరుకుతుంది. డాక్టర్ ముందు కూర్చోగానే "నాకు డోప్ టెస్ట్ ఉంటుందండీ" అని చెప్పండి. ఆ మందు తప్పనిసరైతే వైద్య మినహాయింపుకు దరఖాస్తు చేసుకోవచ్చు.

అపోహ: నీళ్లు బాగా తాగితే సరిపోతుంది, లేదంటే తప్పించుకోవచ్చు.

శాంపిల్ పల్చగా ఉంటే మళ్లీ ఇచ్చేదాకా కూర్చోబెడతారు. మూత్రం ఇస్తున్నప్పుడు అధికారి ఎదురుగా నిలబడి చూస్తాడు కూడా. 2023లో ఢిల్లీ రాష్ట్ర అథ్లెటిక్స్ మీట్‌కు నాడా (జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ) వాళ్లు వచ్చారని తెలిసి మిగతావాళ్లు తప్పుకోవడంతో, పురుషుల 100 మీటర్ల ఫైనల్లో ఒక్కడే పరిగెత్తాడు. తెలివి అనుకుంటారు కానీ, పిలిచాక శాంపిల్ ఇవ్వకుండా పోతే మామూలుగా నాలుగేళ్ల నిషేధం.

అపోహ: మన లెవెల్‌కి టెస్టులెవరు చేస్తారు?

ఖేలో ఇండియా యూనివర్సిటీ గేమ్స్‌లో నాడా పరీక్షలు చేస్తుంది. 2023లో దేశంలో 5,606 శాంపిళ్లు తీస్తే 213 శాంపిళ్లలో నిషేధిత పదార్థాలు దొరికాయి. ఇక శాంపిల్ ఇచ్చేటప్పుడు నింపే ఫారంలో గత ఏడు రోజుల్లో వాడినవి రాయమంటారు. దాచకుండా విటమిన్ మాత్రతో సహా రాయండి.

మందు అయితే నాడా వాళ్ల "నో యువర్ మెడిసిన్" (Know Your Medicine) యాప్‌లో చూసుకోవచ్చు. సప్లిమెంట్లకు ఆ యాప్ పనికిరాదు. అయితే యాప్‌లో కొట్టాలన్నా ముందు మందు పేరు తెలియాలి కదా. అందుకే స్ట్రిప్ కోయనివ్వొద్దంటాను. మొన్న మా 400 మీటర్ల అమ్మాయి అడిగింది, "రెండు మాత్రల కోసం పది కొనాలా సార్?"

"వద్దమ్మా. కోసే ముందు పేరు, బ్యాచ్ నంబరు కనబడేలా ఫోటో తీసుకో."

ఆ రాత్రే నా వాట్సాప్‌కు ఫోటో వచ్చింది. షాపాయన బొటనవేలు సరిగ్గా మందు పేరు మీదే ఉంది. "మళ్లీ తియ్యమ్మా" అన్నాను.