ఇంగ్లీషు పుట్టుక: అపోహలు - వాస్తవాలు

అపోహ: ఇంగ్లీషు లాటిన్ నుంచి పుట్టింది.

వాస్తవం: 5వ శతాబ్దంలో సముద్రం దాటి బ్రిటన్‌కు వచ్చిన ఆంగిల్, శాక్సన్, జూట్ తెగల జర్మానిక్ మాట (జర్మన్, డచ్ భాషల కుటుంబానిది) దీనికి మూలం. నిఘంటువు తెరిస్తే సగానికి పైగా పదాలు ఫ్రెంచి, లాటిన్‌లవే కనిపిస్తాయి. తికమక అక్కడే మొదలవుతుంది. తత్సమాలు ఎన్ని ఉన్నా తెలుగు ద్రావిడ భాషే కదా! 1816లో మద్రాసులోని ఆంగ్ల అధికారి ఎల్లిస్ ధాతువులను పోల్చి, తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదని చూపించాడు. ఇంగ్లీషుకూ అదే దారి: అంకెలు, చుట్టరికపు మాటలు, క్రియారూపాలు చూడాలి.

మనకు సులువుగా అందే పరీక్ష ఒకటుంది. సంస్కృతంలో పితృ, పాద, త్రి. లాటిన్‌లో పాటెర్, పెడెమ్, ట్రేస్. ఇంగ్లీషులో ఫాదర్, ఫుట్, త్రీ. ఈ మూడూ ఒకే మూల భాష నుంచి వచ్చినవి. అందులో మాట మొదట్లో ఉన్న పాత ప-కారం జర్మానిక్‌లో ఫ అయింది, త-కారం థ అయింది. ఇంగ్లీషు విడిగా ఏర్పడకముందే ఇది జరిగిపోయింది. అందుకే ఫాదర్ ఇంటి మాట. ప, ట చెక్కుచెదరకుండా నిలిచిన పెటర్నల్, పెడల్, ట్రిపుల్ తర్వాత అరువొచ్చినవి. రెండు జాగ్రత్తలు. స్టార్‌లో లాగా స పక్కనున్న త-కారం మారలేదు. ఇక ఫ తో మొదలైందల్లా ఇంటి మాట అనుకోకూడదు: ఫేస్, ఫ్యామిలీ లాటిన్ ఫ-కారంతోనే వచ్చాయి.

వంశం తేల్చడానికి సర్వనామాలను మాత్రం కొంచెం చూసుకుని వాడాలి. దే, దెమ్, దెయిర్ స్కాండినేవియా నుంచి వచ్చిన వైకింగుల నార్స్ భాష నుంచి వచ్చాయి. సర్వనామాలు అరువు రావడం ఏ భాషలోనైనా అరుదు. అయితే నార్స్ కూడా జర్మానిక్ భాషే కాబట్టి ఇంగ్లీషు వంశం మారదు.

అపోహ: మధ్యయుగ ఐరోపా అంతా లాటిన్ మాట్లాడేది.

వాస్తవం: రాతకు లాటిన్, నోటికి ఊరి భాష. ప్రసంగాలను జనానికి తెలిసిన రోమాన్స్ (లాటిన్ నుంచి పుట్టిన వాడుక భాష) లోకో జర్మన్‌లోకో మార్చి చెప్పాలని 813లో తూర్ నగరంలో కూడిన బిషప్పుల సభ తీర్మానించింది. 842లో స్ట్రాస్‌బర్గ్‌లో ఇద్దరు సోదర రాజులు ఎదుటివారి సైన్యానికి అర్థమయ్యేలా ప్రమాణం చేశారు: జర్మన్ల రాజు లూయీ రోమాన్స్‌లో, చార్లెస్ జర్మన్‌లో.

అపోహ: 1066 తర్వాత ఇంగ్లండంతా ఫ్రెంచి మాట్లాడింది.

వాస్తవం: 1066లో ఫ్రాన్స్ ఉత్తర తీరంలోని నార్మండీ నుంచి వచ్చిన నార్మన్లు ఇంగ్లండును గెలిచాక దర్బారులో, ఆ తర్వాత కోర్టుల్లో ఫ్రెంచి నిలిచింది, చర్చిలోనూ దస్త్రాల్లోనూ లాటిన్, పొలంలో, సంతలో ఇంగ్లీషు. 1204లో నార్మండీ చేజారాక ప్రభువులకు ఆవలి ఒడ్డుతో బంధం సడలింది. కోర్టు వాదనలు ఇంగ్లీషులో జరగాలని 1362 నాటి చట్టం చెప్పింది. ఆ చట్టాన్ని రాసింది ఫ్రెంచిలో, తీర్పులు నమోదు చేయమన్నది లాటిన్‌లో. మూడు భాషలు ఎలా పెనవేసుకుని ఉండేవో ఈ ఒక్క చట్టంలోనే తెలుస్తుంది.

అపోహ: షేక్‌స్పియర్‌ది పాత ఇంగ్లీషు.

వాస్తవం: అది ఆధునిక ఇంగ్లీషు తొలి దశ. పాత ఇంగ్లీషులో నామవాచకానికి మనలాగే విభక్తులుండేవి: స్టాన్ అంటే రాయి, స్టానెస్ అంటే రాయి యొక్క, స్టానుమ్ అంటే రాళ్లకు. చదువుకోకుండా అర్థం కాదు.

అపోహ: పలకని అక్షరాలన్నీ అచ్చు తప్పులు.

వాస్తవం: యోధుడని చెప్పే నైట్‌లో కె, జీహెచ్ రెండూ ఒకప్పుడు పలికినవే, దాదాపు 'క్నిఖ్ట్' అనేవారు. 1476లో క్యాక్స్టన్ వెస్ట్‌మిన్‌స్టర్‌లో అచ్చుయంత్రం పెట్టాక స్పెల్లింగు మెల్లగా కుదురుకుంది, నోటి మాట మారుతూనే పోయింది. అప్పు అని చెప్పే డెట్‌లోని బి సంగతి వేరు. ఫ్రెంచి నుంచి వచ్చినప్పుడు అది లేదు. లాటిన్ డెబిటుమ్‌ను గుర్తుచేయాలని పండితులు చేర్చారు, ఇంగ్లీషులో ఎన్నడూ పలకలేదు. పిల్లలకు చెప్పేటప్పుడు ఈ రెండింటినీ కలిపేయకండి. నిజంగా పొరపాటు అనదగ్గది ఐలండ్‌లోని ఎస్: అచ్చమైన జర్మానిక్ మాటను ఫ్రెంచి 'ఐల్'తో పొరబడి అందులో దూర్చారు.