గ్యాసు లోపలికి ఎందుకు జరగదు?

"మామయ్యా, రెగ్యులేటరు చెడిపోయినట్టుంది. న్యూజెర్సీలో ఇదే కెగ్, ఇదే 12 పీఎస్ఐ ఒత్తిడి, ఇదే 4 డిగ్రీల ఫ్రిజ్. అక్కడ బీరు నాలుక మీద జివ్వుమనేది. ఇక్కడ మూడు రోజులైనా ఒట్టి షర్బత్తే" అని మా మేనల్లుడు బెంగళూరు మారతహళ్లి నుంచి ఫోన్ చేశాడు. అమెరికాలో ఉన్నన్నాళ్లూ గరాజులో బీరు చేసుకునేవాడు. లైసెన్సు లేకుండా ఇంట్లో బీరు చెయ్యడానికి కర్ణాటక ఎక్సైజు చట్టం ఒప్పుకోదు కాబట్టి, సామాన్లతో పాటు తెచ్చుకున్న 19 లీటర్ల స్టీలు కెగ్‌లో ఇప్పుడు అల్లం, నిమ్మ, బెల్లం కలిపిన నీళ్లు పోసి సోడా చేస్తున్నాడు. కెగ్ అంటే మూత బిగించే డ్రమ్మే. సిలిండరులోని కార్బన్ డయాక్సైడ్ గ్యాసు రెగ్యులేటరు గుండా దాంట్లోకి వచ్చి ద్రవంలో కరగాలి. బీరైనా బెల్లం నీళ్లైనా గ్యాసుకి పెద్ద తేడా లేదు.

రెగ్యులేటరు బాగానే ఉంది. కొంత తప్పు బెంగళూరుది, ఎక్కువ తప్పు వాడి తొందరది.

ముందు బెంగళూరు సంగతి. రెగ్యులేటరు గేజి చూపించేది బయటి గాలి కన్నా లోపల ఎంత ఎక్కువ ఉందన్నది మాత్రమే. చెన్నైలోనైనా న్యూజెర్సీలోనైనా, సముద్రమట్టం దగ్గర, బయటి గాలి పీడనం 14.7 పీఎస్ఐ, అంటే చదరపు అంగుళం మీద 14.7 పౌండ్ల ఒత్తిడి. గేజి 12 చూపిస్తే లోపల అసలు పీడనం 26.7. బెంగళూరు 900 మీటర్ల పైన ఉంది. ఇక్కడ గాలి సుమారు 13.2 పీఎస్ఐ. అదే 12 చూపిస్తే లోపల ఉన్నది 25.2. ద్రవంలో గ్యాసు ఎంత కరగాలో నిర్ణయించేది గేజి మీది అంకె కాదు, ఈ అసలు పీడనం. అంటే వందకి ఆరు పాళ్లు తక్కువ. ముల్లు 13.5 దగ్గర పెడితే న్యూజెర్సీతో సమానం అవుతుంది.

ఇది 1803లో విలియం హెన్రీ ప్రకటించిన నియమం. ఇంటర్‌లో మనందరం బట్టీ పట్టిందే. సోడా బుడ్డి ఉదాహరణ రాస్తే మార్కు వచ్చేది. క్లాసులోకి ఒక్క గోలీసోడా తెచ్చి కొట్టి చూపించిన మాస్టారు మాత్రం నాకు తగల్లేదు.

అయితే ఆరు పాళ్ల తేడాకి షర్బత్తు అయిపోదు. అసలు విషయం వేరే. హెన్రీ నియమం ఎంత కరుగుతుందో చెబుతుంది, ఎప్పటికి కరుగుతుందో చెప్పదు.

సాయంత్రం ఆరింటికి సిటీ బస్సు ఊహించుకోండి. స్టాపులో వందమంది తోసుకుంటున్నారు. ఎక్కిన పదిమంది డోరు దగ్గరే నిలబడిపోయారు. లోపల బస్సు ఖాళీ. కండక్టరు "ఒళగె హోగి, ఒళగె హోగి" (లోపలికి జరగండి) అని గొంతు చించుకుంటున్నాడు. కెగ్‌లో జరిగేది ఇదే. పైన ఉన్న గ్యాసు ద్రవం పై పొరలోకి క్షణాల్లో ఎక్కేస్తుంది. ఆ పొర నిండగానే ఎక్కేవాళ్లెందరో దిగేవాళ్లూ అందరే. కింద అరమీటరు లోతు ద్రవానికి అసలు కబురే అందదు.

డోరు దగ్గరి గ్యాసు అణువు దానంతటదే ఇటూ అటూ తచ్చాడుతూ లోపలికి జరగడానికి ఎంతసేపు పడుతుంది? చల్లటి నీళ్లలో ఒక మిల్లీమీటరు దాటడానికి సుమారు 8 నిమిషాలు. దూరం పదింతలైతే కాలం పదింతలు కాదు, వందింతలు. కాబట్టి సెంటీమీటరుకి 14 గంటలు. అరమీటరుకి? మిల్లీమీటరుకి పట్టినదానికి రెండున్నర లక్షల రెట్లు. దాదాపు నాలుగేళ్లు!

నాలుగేళ్లు పట్టదు లెండి, వారం పది రోజుల్లో అయిపోతుంది. కార్బన్ డయాక్సైడ్ కరిగిన నీళ్లు మామూలు నీళ్ల కన్నా రవ్వంత బరువు. ఆ పై పొర పాయలు పాయలుగా కిందికి జారుతుంది, ఖాళీ నీళ్లు పైకొస్తాయి. కండక్టరు మాట విని కొందరు కదిలారన్నమాట. తొందరగా ఉంటే రెండో డోరు తెరవాలి: ద్రవం బయటికొచ్చే గొట్టం అడుగుదాకా ఉంటుంది కదా, దాని గుండా గ్యాసు పంపితే బుడగలుగా కింది నుంచి ఎక్కుతుంది. అదీ చాలకపోతే డ్రైవరు సడన్ బ్రేకు వెయ్యాలి. అంటే కెగ్‌ని పట్టుకుని ఊపాలి.

ఇలా కదిపి గ్యాసు పట్టించడం పాత పద్ధతే. 1767లో జోసెఫ్ ప్రీస్ట్లీ అనే శాస్త్రవేత్త ఇంగ్లండులోని లీడ్స్‌లో బీరు పులిసే తొట్టి మీద, ఆ గ్యాసులోనే, నీళ్లని ఒక పాత్రలోంచి ఇంకో పాత్రలోకి పోసి సోడా చేశాడు. మనం డబరా గ్లాసులో కాఫీ తిరగబోసినట్టే. కాకపోతే మనం వేడి పోగొట్టడానికి, ఆయన గ్యాసు పట్టించడానికి.

మరి న్యూజెర్సీలో ఊపకుండా ఎలా కుదిరింది? అక్కడ బీరు కెగ్‌లో రెండు వారాలు పడుకునేది. బీరుని పులియబెట్టిన ఈస్టు అడుగుకి దిగాలి, చలికి మసకంతా పేరుకుని తేరుకోవాలి. రుచి కోసం ఆగుతున్నాననుకున్నాడు, ఆ రెండు వారాల్లో గ్యాసు పని చల్లగా జరిగిపోయింది. నిజానికి బీరుని ఊపితే అడుగునున్న మడ్డి లేస్తుంది, కాబట్టి దానికి ఓపికే మంచిది. మన కల్లుకి ఈ బాధే లేదు. పొద్దున దించింది సాయంత్రానికి పుల్లబడుతుంది, దాచే ప్రశ్నే రాదు.

ఆదివారం వెళ్లాను. ఫ్రిజ్ హ్యాండిల్‌కి నిమ్మకాయా మిరపకాయలూ వేలాడుతున్నాయి. "వాడి డ్రమ్ముకి దిష్టి తగిలిందిరా" అంది అక్క. కాదని చెప్పే ధైర్యం నాకు లేదు. ముల్లు 13.5కి తిప్పాం. వాడు కెగ్‌ని ఒళ్లో అడ్డంగా పెట్టుకుని ఊపుతుంటే నేను రెగ్యులేటరుకి చెవి ఆనించాను. ఊపినప్పుడల్లా లోపల బుస్సుమని గ్యాసు పరుగెత్తుతోంది. ఐదారు నిమిషాలకి ఆ చప్పుడు సన్నబడి ఆగిపోయింది. "నిండింది, ఇక ఆపరా" అన్నాను.

రెండు గంటలు ఫ్రిజ్‌లో పెట్టి కుళాయి తిప్పాం. మొదటి గ్లాసంతా నురగే. కుళాయి వెచ్చగా ఉంటే అంతే, గ్యాసు అక్కడే దిగిపోతుంది. రెండో గ్లాసు ముక్కు దాకా జివ్వుమంది. అక్క ఒక గుక్క తాగి, బెల్లం తక్కువైందంది.