32 వేల మాటలున్నా కబుర్లకు తోడు లేదు

పిల్లలూ,

మొన్న ఫోన్లో అడిగారుగా, "భాష చచ్చిపోవడమేంటి తాతయ్యా, పుస్తకంలో రాసిపెట్టుకుంటే సరిపోదా?" అని. అప్పుడేదో చెప్పి తప్పించుకున్నాను గానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు.

మీ అట్లాసులో దక్షిణ అమెరికా అట్టడుగున చూడండి, ముక్కలు ముక్కలుగా దీవులుంటాయి. ఆ చలిలో యాగాన్ జనం పడవల మీదే బతికారు, పడవలోనే నిప్పు కూడా పెట్టుకునేవాళ్ళు. తెడ్డు వేసేదీ, వణికించే నీళ్ళలో మునిగి ఆల్చిప్పలు తెచ్చేదీ ఆడవాళ్ళే.

19వ శతాబ్దంలో థామస్ బ్రిడ్జెస్ అనే ఇంగ్లీషు మిషనరీ వాళ్ళ భాష నేర్చుకుని, ఏళ్ళ తరబడి కూర్చుని 32 వేలకు పైగా మాటలతో నిఘంటువు రాశాడు, మనకు బ్రౌన్ దొర చేసిపెట్టినట్టు. ఆయన 1898లో పోయాక, ఆ రాతప్రతి ఫ్రెడరిక్ కుక్ అనే అన్వేషకుడి చేతిలో పడితే, తన పేరు వేసుకోబోయాడని పెద్ద గొడవైంది. చివరికి అచ్చయింది 1933లో. ఈలోగా ఏమైందంటే, తట్టులాంటి రోగాలు జనాన్ని ఊడ్చేశాయి, సీల్ వేటగాళ్ళు వాళ్ళ తిండి కొల్లగొట్టారు, మిగిలినవాళ్ళకు బయట స్పానిష్ తప్ప గతిలేకపోయింది. పుస్తకం లావుగానే ఉంది, మాట్లాడేవాళ్ళే పలచబడిపోయారు.

క్రిస్టినా కాల్డెరాన్ అని ఒకావిడ, 1928లో చిలీలోని నవారినో దీవిలో పుట్టింది. 2005లో బంధువైన ఎమెలిండా అకూన్యా పోయాక, పుట్టుకతో ఆ భాష వచ్చిన మనిషి ఈవిడొక్కతే. మనవరాలితో కలిసి కథలూ మాటలూ పుస్తకాలకెక్కించింది, నిజమే. కానీ పొద్దున్నే "తిన్నావా, ఒంట్లో ఎలా ఉంది" అని ఆ భాషలో అడిగేదెవరు? అలా 16 ఏళ్ళకు పైగా. 2022 ఫిబ్రవరిలో, 93 ఏళ్ళ వయసులో పోయింది. ఆవిడ వారసులున్నారు, కొన్ని మాటలు నేర్చుకుంటున్నారు కూడా.

మీ ఫోన్లలో తిరుగుతుంటుందే, "మామిహ్లాపినాటాపాయ్" అని, అదీ వాళ్ళదే. ఇద్దరికీ ఒకటే కావాలి, ఎవరూ ముందు నోరు తెరవరు, నువ్వు మొదలెడతావేమోనని ఒకరినొకరు చూసుకుంటూ ఉంటారు, ఆ చూపు పేరట అది. కనీసం ఇద్దరుండాలి కదా ఆ చూపుకైనా!

సెలవులకు వచ్చేటప్పుడు ఆ అట్లాసు పట్టుకురండి, నా దాంట్లో ఆ పేజీ ఎప్పుడో చిరిగిపోయింది.

మీ తాతయ్య