పాత కథని కొత్తగా తిరగరాస్తే (రీటెల్లింగ్) కాపీ అవుతుందా? గోథిక్ కథల చుట్టూ అపోహలు - వాస్తవాలు

"మేడమ్, నా నవల రెబెక్కాకి కాపీ అని గ్రూపులో ఒకాయన పెట్టారు. కేసు పడుతుందా? తీసేయమంటారా?"

తెలుగు నవలల రాతప్రతులు చదివి, దిద్ది, అచ్చుకు సిద్ధం చేయడం నా పని. ఈ మధ్య డొమెస్టిక్ సస్పెన్స్, అంటే ఇంట్లోనే, సంసారంలోనే భయం పుట్టించే కథలు రాసేవాళ్లు, అందులోనూ ఆడవాళ్లు, బాగా పెరిగారు. వాళ్ల దగ్గర్నుంచి నాకు ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే. రెబెక్కా అంటే డాఫ్నె డు మారియర్ రాసిన ఇంగ్లీషు నవల. కొత్త పెళ్లికూతురు, పెద్ద ఇల్లు, నోరు విప్పని భర్త, మొదటి భార్య గురించి ఎవరూ పూర్తిగా చెప్పని సంగతి. ఇల్లూ, దానిలోని రహస్యమూ భయపెట్టే ఇలాంటి కథల్నే గోథిక్ అంటారు. ఈ నాలుగూ ఒకచోట కనబడగానే ఎవరో ఒకరు "ఫలానా దానికి కాపీ" అని తేల్చేస్తారు. రాసినవాళ్లకి ఆ రాత్రి నిద్రుండదు. కూకట్‌పల్లిలో ఒక బ్యాంకు ఉద్యోగిని పిల్లలు పడుకున్నాక కూర్చుని రాసుకున్న నవలని అలాంటి ఒక్క కామెంటుకి భయపడి డిలీట్ చేసేసింది. నాకు ఫోన్ చేసేసరికి మొదటి రెండు అధ్యాయాలే మిగిలాయి. అవి చదివితే కడుపు తరుక్కుపోయింది, అంత బాగున్నాయి.

అపోహ: ఈ కథ ఎవరో ముందే రాశారు, కాబట్టి నేను రాస్తే కాపీ.

కథాంశం మీద ఎవరికీ కాపీరైట్ లేదు. 1978లో మన సుప్రీంకోర్టే ఈ సంగతి తేల్చింది. ఆర్.జి. ఆనంద్ అనే నాటక రచయిత, తన 'హమ్ హిందుస్తానీ' నాటకాన్ని 'న్యూఢిల్లీ' సినిమాగా తీసేశారని కేసు వేశారు. కిశోర్ కుమార్, వైజయంతిమాల నటించిన 1956 నాటి సినిమా అది. రెండింట్లోనూ విషయం ప్రాంతీయ దురభిమానమే. అయినా ఆయన గెలవలేదు. ఆలోచన, ఇతివృత్తం అందరివీ. వాటిని ఒక రచయిత నడిపిన తీరు, సన్నివేశాలు పేర్చిన వరస, వాడిన మాటలు మాత్రం ఆ రచయితవి. రెండూ చదివిన మనిషికి "ఇది దానికి నకలే" అని అనుమానం లేకుండా అనిపిస్తే తప్పు. అదే విషయాన్ని వేరేగా నడిపించి వేరేగా చెబితే అది కొత్త రచన కిందే లెక్క.

రెబెక్కా రాసిన డాఫ్నె డు మారియర్‌కి కూడా ఈ బాధ తప్పలేదు. 1938లో వచ్చిన ఆ నవలని 'బ్లైండ్ విండోస్' అనే మరో నవల నుంచి తీసుకున్నారని అమెరికాలో దావా వేశారు. 1947లో ఆవిడ న్యూయార్క్ దాకా వెళ్లి కోర్టులో సాక్ష్యం చెప్పాల్సి వచ్చింది. 1948లో కేసు కొట్టేశారు. అసలు రెబెక్కా చదివితే షార్లెట్ బ్రాంటీ 1847 నాటి నవల జేన్ ఐర్ ఎవరికైనా గుర్తొస్తుంది. దిక్కులేని అమ్మాయి, వయసులో పెద్దవాడైన డబ్బున్న మగాడు, ఇంటిమీద మొదటి భార్య నీడ, చివరికి తగలబడే భవంతి. ఇన్ని కలిసినా రెండూ రెండు నవలలుగానే నిలిచాయి.

కాబట్టి ఎవరైనా కాపీ అంటే, ఏ సన్నివేశం, ఏ పేజీ అని అడగండి. చూపించగలిగితే ఆ భాగం మార్చుకోండి. చూపించలేకపోతే తర్వాతి అధ్యాయం మొదలుపెట్టండి. నవల చదవకుండా గ్రూపుల్లో తీర్పులిచ్చేవాళ్ల మీద నాకు నిజంగా కోపం. ఒక మనిషి ఏడాది కష్టం ఆ ఒక్క లైనుతో పోతోంది.

దీనికి తిరగేసిన అపోహ ఇంకోటుంది: "పాత క్లాసిక్కే కదా, ఎంతైనా ఎత్తుకోవచ్చు." ఇది నిజంగానే కేసు దాకా తీసుకెళ్లగలదు. మన దేశంలో రచయిత చనిపోయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్ల పాటు కాపీరైట్ ఉంటుంది. షార్లెట్ బ్రాంటీ 1855లోనే చనిపోయారు, కాబట్టి జేన్ ఐర్ అందరిదీ. డు మారియర్ చనిపోయింది 1989లో. అంటే రెబెక్కా మీద హక్కులు ఇక్కడ 2049 చివరి దాకా ఉంటాయి. దాన్ని తెలుగులోకి అనువదించాలన్నా, సన్నివేశాల వరస, సంభాషణలు అలాగే దించాలన్నా అనుమతి కావాలి. రెండూ పక్కపక్కనే "క్లాసిక్స్" అరలో కనిపిస్తాయి కాబట్టి చాలామంది ఒకే గాటన కట్టేస్తారు.

మొన్న ఒక అబ్బాయి జేన్ ఐర్‌ని హైదరాబాద్‌కి తెచ్చానంటూ రాతప్రతి పట్టుకొచ్చాడు. అందులో అమ్మాయి గేటెడ్ కమ్యూనిటీలో కుక్కల్ని వాకింగ్‌కి తీసుకెళ్లే పని చేస్తుంది. బ్రాంటీ రాసిన జేన్ పిల్లకి చదువు చెప్పడానికి వచ్చిన గవర్నెస్. కుక్కల సంగతి జేన్ ఐర్‌ని తిరగరాస్తూ 2021లో రేచల్ హాకిన్స్ తెచ్చిన 'ది వైఫ్ అప్‌స్టెయిర్స్'లోది. ఆ పిల్లవాడు మోసం చేయాలనుకోలేదు. ఎవరో యూట్యూబ్‌లో చెప్పిన కథ విని, అదే పాత కథ అనుకున్నాడు. మూలం ఫ్రీ అయినంత మాత్రాన దాని మీద వచ్చిన కొత్త నవల ఫ్రీ కాదు. తెలుగు అనువాదాలకీ ఇదే వర్తిస్తుంది. జేన్ ఐర్ ఎవరైనా అనువదించుకోవచ్చు, కానీ ఈ కాలం అనువాదకులు రాసిన వాక్యాలు వాళ్లవి. మూలం చదవండి. ఇంగ్లీషు కష్టమైతే మెల్లగా చదవండి.

మరి మనది మనదయ్యేది ఎక్కడ? మూలం అడగకుండా వదిలేసిన ప్రశ్న దగ్గర. రెబెక్కా చదవనివాళ్లు తర్వాతి పేరా దాటేయండి, ముగింపు చెప్పేస్తున్నాను.

నాకు ఆ కథ మొదట చెప్పింది మా అమ్మ, అదీ రెబెక్కా ఆధారంగా వచ్చిన 1964 నాటి హిందీ సినిమా 'కోహ్రా' చూసిన గుర్తుతో. చిక్కడపల్లిలో అద్దె లైబ్రరీ నుంచి యద్దనపూడి నవలలు తెచ్చుకుని, వంట మధ్యలో చదివే మనిషి. వహీదా రెహమాన్ ఆ ఇంట్లో ఎలా బిక్కుబిక్కుమంటూ తిరిగిందో చెబుతూ కూర మాడబెట్టేది. చాలా ఏళ్లకి అబిడ్స్ ఆదివారం పుస్తకాల్లో అసలు నవల దొరికింది. ఇదే నవలని హిచ్‌కాక్ తీసిన 1940 సినిమాలో మొదటి భార్య రెబెక్కా చావు ప్రమాదం. భార్యని చంపిన భర్త శిక్ష పడకుండా తప్పించుకోవడం అప్పటి హాలీవుడ్ సెన్సారుకి కుదరదు కాబట్టి అలా మార్చారు. నవల్లో మాత్రం భర్తే కాల్చి చంపుతాడు. ఆ మాట తనే చెబుతుంటే, వింటున్న రెండో భార్య మనసులో నిండేది ఊరట, "ఈయన ఆమెని ఎప్పుడూ ప్రేమించలేదు" అని. మనం కూడా ఆ క్షణంలో ఆయన దొరక్కూడదనే కోరుకుంటాం. ఆ పేజీ దగ్గర పుస్తకం మూసి కాసేపు అలాగే కూర్చుండిపోయాను. ఆ రాత్రి ఏం జరిగిందో మనకి తెలిసిందంతా చంపినవాడు చెప్పిందే కదా!

ఇప్పటి డొమెస్టిక్ సస్పెన్స్ సరిగ్గా ఇక్కడే మొదలవుతుంది. ఆ రెండో భార్య ఊరటపడకుండా భయపడితే? మొదటి ఆవిడకే మాట్లాడే అవకాశం వస్తే? లీసా గాబ్రియేల్ 2018లో రాసిన 'ది వింటర్స్'లో కథ లాంగ్ ఐలాండ్‌కి మారింది. కొత్త భార్యని వేధించే పాత హౌస్‌కీపర్ స్థానంలోకి టీనేజ్ కూతురు వచ్చింది. ఆ ఒక్క మార్పుతో గొడవ తీరే మారిపోయింది, ఎందుకంటే పనిమనిషిని పంపించేయొచ్చు, భర్త కూతుర్ని పంపించలేం. మీ కథలో ఆ స్థానం అత్తగారిదా, ఆడపడుచుదా, మొదటి భార్య తల్లిదా? అది ఆలోచిస్తే కాపీ టెన్షన్ సగం పోతుంది.

మిగిలిన అపోహలు గబగబా చెప్పేస్తాను. ప్రతి పేరాలో మొదటి వాక్యం అపోహ, తర్వాతది వాస్తవం.

గోథిక్ అంటే దెయ్యం ఉండాలి. అక్కర్లేదు. 1794లోనే ఆన్ రాడ్‌క్లిఫ్ 'మిస్టరీస్ ఆఫ్ ఉడాల్ఫో'లో భయపెట్టిన వింతలకి చివర్లో మామూలు కారణాలే చూపించింది.

పాత బంగళా లేకపోతే కుదరదు. రూత్ వేర్ 2019 నవల 'ది టర్న్ ఆఫ్ ది కీ'లో దడ పుట్టించేది ఫోన్ యాప్‌తో నడిచే స్మార్ట్ హోమ్. మనకి కోకాపేటలో ముప్పయ్యో అంతస్తు ఫ్లాట్ చాలు. పక్కింటివాళ్ల పేరు తెలీదు, కెమెరా పాస్‌వర్డ్ భర్త దగ్గరుంది, గేటు దగ్గర ఎవరొచ్చారన్న మెసేజ్ ఆయన ఫోన్‌కే వెళ్తుంది.

ట్విస్ట్ తెలిసిపోతే కథ అయిపోయినట్టే. 'ది వైఫ్ అప్‌స్టెయిర్స్', అంటే మేడమీది భార్య, అని హాకిన్స్ రహస్యాన్ని నవల పేరులోనే పెట్టేసింది. జేన్ ఐర్ చదివినవాళ్లకి మేడమీద ఎవరున్నారో తెలుసు. ఈసారి జేన్ కూడా ఏదో దాస్తోంది, అదే చదివిస్తుంది.

"ఫలానా నవల స్ఫూర్తితో" అని వేసేస్తే చాలు. అలా వేయడం మర్యాద, తప్పక వేయండి. కానీ అది అనుమతి కింద లెక్కకి రాదు. కాపీరైట్ ఉన్న రచన నుంచి పేజీలు దించితే ఆ లైను కాపాడదు.

రిజిస్టర్ చేయించకపోతే నా నవల మీద నాకు హక్కుండదు. రాసిన క్షణం నుంచే హక్కు మీది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. ప్రతి డ్రాఫ్టూ తేదీతో మీ మెయిల్‌కే పంపించుకోండి. రేపు ఎవరైనా మీదే ఎత్తుకుంటే చూపించడానికి పనికొస్తుంది, భయంతో మీరే డిలీట్ చేసినా ఒక కాపీ మిగులుతుంది.